నీటిలో దొరకని క్రిమి: ప్లూరా క్షయను బయోమార్కర్లతో గుర్తించడం



ఈ పాఠాన్ని ఒక రోగితో మొదలుపెడదాం. అతను మీ వయసువాడే అనుకోండి. పంతొమ్మిదేళ్లు, ఇంజనీరింగ్ చదువు, హాస్టల్‌లో నివాసం. మూడు వారాలుగా సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పొడిదగ్గు వస్తోంది. గట్టిగా ఊపిరి తీసుకుంటే కుడి పక్కన సూదితో పొడిచినట్లు నొప్పి. తిండి సహించక బరువు తగ్గాడు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా కనిపించింది. "నీరు చేరింది" అన్నారు డాక్టరు. పక్కటెముకల మధ్య నుంచి సూది గుచ్చి, గడ్డి రంగులో ఉన్న ద్రవాన్ని కొంత తీసి ప్రయోగశాలకు పంపారు.

మర్నాటికి నివేదిక వచ్చింది. ద్రవంలో క్షయ క్రిములు కనిపించలేదు. కఫంలోనూ కనిపించలేదు. కానీ నివేదిక కింది భాగంలో ఇంకో వరుస ఉంది: ఎ.డి.ఎ., లీటరుకు 68 యూనిట్లు. డాక్టరు ఆ అంకె చూసి, రోగి వయసు, లక్షణాలు, ఎక్స్‌రే, ద్రవంలోని కణాల లెక్క మరొకసారి పరిశీలించి, "ఇది టి.బి. అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆరు నెలలు మందులు వాడాలి" అని చెప్పారు.

క్రిమి కనిపించలేదు కదా! అయినా ఆరు నెలల చికిత్సకు ఎలా సిద్ధపడ్డారు? 68 అనే అంకె ఏమి చెబుతోంది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ప్లూరా అంటే ఏమిటి? నీరు ఎక్కడ చేరుతుంది?

మన ఊపిరితిత్తులను ప్లూరా అనే పలుచని పొర కప్పి ఉంచుతుంది. దీనిని పుపుస త్వచం అని కూడా అంటారు. ఇది రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఊపిరితిత్తికి అంటుకుని ఉంటుంది. బయటి పొర ఛాతీ గోడకు లోపలివైపున ఉంటుంది. ఈ రెండు పొరల మధ్య చాలా సన్నని ఖాళీ ఉంటుంది. అందులో ఆరోగ్యవంతుడికి ఉండే ద్రవం కొద్ది మిల్లీలీటర్లు మాత్రమే. తలుపు బందులకు వేసిన నూనె చుక్కలా అది పొరలు ఒరుసుకోకుండా చూస్తుంది. నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీసి వదులుతున్నా మనకు నొప్పి తెలియకపోవడానికి అదే కారణం.

"ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది" అని జనం అంటారు. ఇలాంటి సందర్భాల్లో నీరు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు, దాని బయట, ఈ రెండు పొరల మధ్య. ఆ నీరు లీటరు దాటవచ్చు, అంతకంటే ఎక్కువా ఉండవచ్చు. అప్పుడు ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఆయాసం వస్తుంది.

నీరు చేరడానికి కారణాలు అనేకం. గుండె బలహీనపడితే చేరుతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటే చేరుతుంది. న్యుమోనియా, క్యాన్సర్, క్షయ, కొన్ని కీళ్ల వ్యాధులు కూడా కారణం కావచ్చు. వీటిని ముందుగా రెండు వర్గాలుగా విడదీయాలి. ఒకటి, రక్తనాళాల్లోని ఒత్తిడి, రక్తంలోని ప్రోటీన్ల సమతుల్యత చెడి, నీరు వడగట్టినట్లు బయటికి వచ్చే రకం. రెండు, పొరే వాచి, దాని నుంచి ప్రోటీన్లతో కూడిన ద్రవం ఊరే రకం. అమెరికా వైద్యుడు రిచర్డ్ లైట్, ఆయన సహచరులు 1972లో ఇందుకు ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. ద్రవంలోని ప్రోటీన్ రక్తంలోని ప్రోటీన్‌లో సగానికి మించితే అది రెండో రకం. ఎల్.డి.హెచ్. అనే ఎంజైమ్ మోతాదును కూడా ఇలాగే రక్తంతో పోల్చి చూస్తారు. క్షయ వల్ల చేరే నీరు రెండో రకానికి చెందుతుంది. మన విద్యార్థి నీరు కూడా అదే.

క్రిమి ఎందుకు దొరకదు?

1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించారు. అప్పటినుంచి క్షయ నిర్ధారణ అంటే ఆ క్రిమిని పట్టుకోవడమే. ఊపిరితిత్తిలో క్షయ ముదిరి పుండు పడితే, కఫంలో క్రిములు విపరీతంగా ఉంటాయి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రని సన్నని పుల్లల్లా కనిపిస్తాయి.

ప్లూరా క్షయలో జరిగేది వేరు. ఊపిరితిత్తి అంచున, పొరకు ఆనుకుని ఉన్న ఒక చిన్న క్షయ గడ్డ పగులుతుంది. దానిలోని కొద్దిపాటి క్రిములు, వాటి ప్రోటీన్లు పొరల మధ్య ఖాళీలోకి జారతాయి. ఆ క్రిమిని అంతకుముందే ఎరిగిన మన రోగనిరోధక కణాలు ఒక్కసారిగా అక్కడికి చేరతాయి. పొర వాస్తుంది, రక్తనాళాలు కారతాయి, నీరు ఊరుతుంది. అంటే లీటర్లకొద్దీ చేరిన ఆ నీటికి అసలు కారణం క్రిముల సంఖ్య కాదు, వాటిపై శరీరం చూపిన తీవ్రమైన ప్రతిచర్య. ఈ ఒక్క విషయం బాగా అర్థమైతే పాఠంలో మిగిలినదంతా సులువవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సూక్ష్మదర్శినిలో క్రిమి కనిపించాలంటే ఒక మిల్లీలీటరు నమూనాలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి. ప్లూరా ద్రవంలో అన్ని ఉండవు. అందుకే ఈ పరీక్ష క్షయ ఉన్నవారిలో నూటికి పదిమందిలో కూడా దానిని చూపలేదు. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు మిల్లీలీటరుకు 10 నుంచి 100 క్రిములు ఉన్నా చాలు. అయినా ప్లూరా ద్రవంలో అది కూడా నూటికి నలభైమందిలో మించి విజయం సాధించడం కష్టం. పైగా క్షయ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు బాక్టీరియా అరగంటలో రెండు అవుతుంది, ఇది రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి కల్చర్ ఫలితం రావడానికి వారాలు పడుతుంది.

మరి ద్రవంలో దొరకనిది పొరలో దొరకదా? దొరుకుతుంది. ప్రత్యేకమైన సూదితో పొర ముక్క తీసి పరీక్షిస్తే, చాలామందిలో క్షయకు గుర్తయిన కణాల గుంపులు, అంటే గ్రాన్యులోమాలు కనిపిస్తాయి. ముక్కను కల్చర్‌కు కూడా పెడితే ఫలితం ఇంకా మెరుగవుతుంది. 1910లో స్వీడన్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ జాకోబేయస్ గొట్టం ద్వారా ఛాతీ లోపల చూసే థొరాకోస్కోపీ పద్ధతిని ప్రకటించారు. దానితో పొరను కంటితో చూస్తూనే ముక్క తీయవచ్చు. కానీ దానికి పరికరాలు, శిక్షణ పొందిన వైద్యులు, ఖర్చు అన్నీ కావాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, ప్రతి రోగికి ఇది సాధ్యం కాదు.

క్రిమిని కాదు, పోరాటాన్ని కొలుద్దాం

ఊరి చివర తోటలో రాత్రి దొంగ పడ్డాడు. తెల్లవారి వెళ్లి చూస్తే దొంగ లేడు. కానీ నేలంతా అడుగుజాడలు, విరిగిన కొమ్మలు, జనం పరుగెత్తిన గుర్తులు ఉన్నాయి. దొంగను చూడకపోయినా ఏదో జరిగిందని చెప్పగలం. బయోమార్కర్ అంటే ఇలాంటి గుర్తే. శరీరంలో జరుగుతున్న ఒక ప్రక్రియకు ఆనవాలుగా నిలిచే, కొలవడానికి వీలైన పదార్థమే బయోమార్కర్.

ప్లూరా క్షయలో ఎక్కువగా వాడే బయోమార్కర్ ఎ.డి.ఎ. దీని పూర్తి పేరు అడినోసిన్ డీఅమినేజ్. పేరు పెద్దది గానీ దీని పని తేలిక. అడినోసిన్ అనే పదార్థం నుంచి ఒక అమైనో సమూహాన్ని తీసివేసి, దానిని ఇనోసిన్‌గా మారుస్తుంది. ఈ చర్యలో అమోనియా విడుదలవుతుంది. ఈ అమోనియాను గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఈ ఎంజైమ్ దాదాపు అన్ని కణాల్లో ఉంటుంది. అయితే రోగనిరోధక వ్యవస్థకు ఇది ప్రాణాధారం. కొందరు పిల్లలు జన్యులోపం వల్ల ఇది లేకుండా పుడతారు. వారిలో లింఫోసైట్లు అనే తెల్లరక్త కణాలు బతకలేవు. మామూలు సూక్ష్మజీవిని కూడా ఆ పిల్లలు తట్టుకోలేరు. 1990 సెప్టెంబరులో అమెరికాలో అనుమతితో జరిగిన తొలి జన్యుచికిత్సను ఈ లోపం ఉన్న నాలుగేళ్ల పాపకే చేశారు. లింఫోసైట్లకు ఎ.డి.ఎ. ఎంత అవసరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మళ్లీ ప్లూరా దగ్గరకు వద్దాం. క్షయ క్రిమిపై పోరాటంలో రెండు రకాల కణాలు ముఖ్యం. లింఫోసైట్లు క్రిమిని గుర్తించి హెచ్చరిక పంపుతాయి. మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు క్రిమిని మింగుతాయి. ఎ.డి.ఎ.లో రెండు రూపాలున్నాయి. మొదటిది అన్ని కణాల్లోనూ ఉంటుంది. రెండోది ముఖ్యంగా మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల నుంచి వస్తుంది. క్షయ ద్రవంలో ఎక్కువగా పెరిగేది ఈ రెండో రూపమే. అంటే ఎ.డి.ఎ. పెరిగిందంటే ఆ పొరల మధ్య ఈ కణాలు హోరాహోరీగా పనిచేస్తున్నాయన్నమాట.

1978లో ఇటలీ పరిశోధకులు పిరాస్, సహచరులు ప్లూరా ద్రవంలో ఎ.డి.ఎ.ను కొలిచి, క్షయను ఇతర కారణాల నుంచి వేరుచేయడానికి ఇది ఉపయోగపడుతుందని ప్రకటించారు. తరువాత ఎన్నో దేశాల్లో, మన దేశంలో కూడా, ఈ పరీక్షపై పరిశోధనలు జరిగాయి. వాటన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు తేలినది ఇది: సాధారణంగా లీటరుకు 40 యూనిట్ల దగ్గర గీత గీస్తే, క్షయ ఉన్నవారిలో నూటికి సుమారు 90 మందిని ఈ పరీక్ష పట్టుకుంటుంది. క్షయ లేనివారిలో నూటికి సుమారు 90 మందిని "లేదు" అని సరిగ్గా చెబుతుంది. మొదటిదానిని పరీక్ష సున్నితత్వం అంటారు. రెండోదానిని నిర్దిష్టత అంటారు.

ఎలా కొలుస్తారు?

ఎ.డి.ఎ.ను నేరుగా చూడలేం. అది చేసిన పనిని చూస్తాం. ప్లూరా ద్రవానికి అడినోసిన్ కలిపి, శరీర ఉష్ణోగ్రత దగ్గర, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచుతారు. ఎంజైమ్ ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ అమోనియా పుడుతుంది. దానికి ఫీనాల్, హైపోక్లోరైట్ ద్రావణాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉందో ఫొటోమీటర్‌తో కొలిచి, లెక్కవేస్తే యూనిట్లు వస్తాయి. నిమిషానికి ఒక మైక్రోమోల్ అమోనియాను పుట్టించే ఎంజైమ్ మోతాదు ఒక యూనిట్. ఇటలీకి చెందిన జూస్టీ రూపొందించిన పద్ధతి ఇది.

రంగు చిక్కదనాన్ని బట్టి పదార్థాన్ని కొలిచే ఈ ఉపాయం తెలుగువారికి కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగా, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాలలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. అక్కడ కూడా కొలిచేది నీలం రంగునే. ఆ పద్ధతిని నేటికీ జీవరసాయన ప్రయోగశాలల్లో విద్యార్థులు నేర్చుకుంటారు. మీ కళాశాలలో కలరీమీటర్ ఉంటే, ఎ.డి.ఎ. పరీక్ష వెనుక ఉన్న సూత్రం మీ చేతిలోనే ఉన్నట్లు.

సులువైన పరీక్ష కాబట్టి జాగ్రత్తలు అక్కర్లేదని కాదు. ఎర్ర రక్తకణాలు పగిలి ద్రవంలో కలిస్తే, వాటిలోని ఎ.డి.ఎ. కూడా లెక్కలోకి వస్తుంది. నమూనాను వేడిలో ఎక్కువసేపు వదిలేస్తే ఎంజైమ్ పాడవుతుంది. చుట్టుపక్కల అమోనియా వాసన ఉన్న శుభ్రపరిచే ద్రావణాలు వాడితే ఫలితం తప్పవచ్చు. అంకె సరైనదా అని అడిగే ముందు నమూనా సరిగ్గా చేరిందా అని అడగాలి.

ఒకే గీత, ఇద్దరు రోగులు

ఇప్పుడు రెండో రోగిని చూద్దాం. ఆయన వయసు అరవై రెండు. ముప్ఫై ఏళ్లుగా బీడీలు కాలుస్తున్నారు. జ్వరం లేదు. నాలుగు నెలల్లో పది కిలోలు తగ్గారు. ఆయనకూ కుడివైపే నీరు. కానీ ద్రవం కాస్త ఎర్రగా ఉంది. అందులోనూ లింఫోసైట్లే ఎక్కువ. ఎ.డి.ఎ. 46 వచ్చింది.

నివేదిక మాత్రమే చూసే వ్యక్తి ఏమంటాడు? "40 దాటింది, టి.బి. మందులు మొదలుపెట్టండి" అంటాడు. రెండు నెలల మందుల తరువాత కూడా నీరు తగ్గదు. అప్పుడు బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని తేలవచ్చు. ఆ రెండు నెలలను ఆయనకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

పొరపాటు ఎక్కడ ఉంది? ఎ.డి.ఎ. క్షయ క్రిమిలోని పదార్థం కాదు, మన కణాలది. ఆ కణాలు వేరే కారణానికి కూడా ఉద్రేకపడవచ్చు. ప్లూరాలో చీము పట్టే ఎంపైయీమాలో ఎ.డి.ఎ. చాలా పెరుగుతుంది. లింఫోసైట్ల క్యాన్సర్ అయిన లింఫోమాలో పెరుగుతుంది. రుమటాయిడ్ కీళ్లవ్యాధి వల్ల వచ్చే నీటిలో పెరుగుతుంది. ఇతర క్యాన్సర్లలో సాధారణంగా తక్కువే ఉన్నా, కొన్నిసార్లు గీత దాటుతుంది. లీటరుకు 250 యూనిట్లు మించితే, క్షయ కంటే చీము, లింఫోమాలను ముందుగా అనుమానించాలి. "ఎక్కువ" అంటే "మరింత ఖాయంగా క్షయ" అని అనుకోకూడదు.

ఇందుకే వైద్యులు ఎ.డి.ఎ.ను ఒంటరిగా చదవరు. ద్రవంలో ఏ కణాలు ఎక్కువ ఉన్నాయో చూస్తారు. చీములో న్యూట్రోఫిల్స్ అనే కణాలు ఎక్కువ, క్షయలో సాధారణంగా లింఫోసైట్లు ఎక్కువ. ఎ.డి.ఎ. ఎక్కువగా ఉండి, లింఫోసైట్లు కూడా ఎక్కువగా ఉంటే నిర్దిష్టత పెరుగుతుంది. అయితే క్షయ మొదలైన తొలి రోజుల్లో న్యూట్రోఫిల్స్ కూడా ఎక్కువ ఉండవచ్చని మరచిపోకూడదు. ద్రవంలో క్యాన్సర్ కణాల కోసం కూడా వెతుకుతారు. అవసరమైతే స్కానింగ్, బయాప్సీ చేయిస్తారు.

మరి గీతను 40 దగ్గర కాకుండా 70 దగ్గర గీస్తే? చేపల వల గుర్తు తెచ్చుకోండి. వల కన్ను చిన్నదైతే చేపలన్నీ పడతాయి, వాటితోపాటు నాచు, చెత్త కూడా వస్తాయి. కన్ను పెద్దదైతే చెత్త రాదు, కానీ చిన్న చేపలు జారిపోతాయి. గీత కిందికి దించితే సున్నితత్వం పెరుగుతుంది, నిర్దిష్టత తగ్గుతుంది. పైకి జరిపితే నిర్దిష్టత పెరుగుతుంది, మన విద్యార్థిలాంటి 68 వచ్చిన క్షయ రోగి తప్పిపోతాడు. రెండు లాభాలూ ఇచ్చే గీత అంటూ ఏదీ ఉండదు.

కాగితం, పెన్సిల్ తీసుకోండి

పరీక్ష ఒక్కటే అయినా, దాని అర్థం చోటును బట్టి మారుతుంది. ఇది వింతగా అనిపించవచ్చు. లెక్క చేసి చూద్దాం. ఈ లెక్కలోని రోగుల సంఖ్యలు ఉదాహరణకు తీసుకున్నవి. సున్నితత్వం, నిర్దిష్టత రెండూ 90 శాతం అనుకుందాం.

మొదటి ఆసుపత్రి క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉంది. నీరు చేరి వచ్చిన 1,000 మందిలో 600 మందికి క్షయ. పరీక్ష వారిలో 540 మందిని పట్టుకుంటుంది, 60 మందిని వదిలేస్తుంది. క్షయ లేని 400 మందిలో 360 మందికి సరిగ్గా "లేదు" అంటుంది, 40 మందికి పొరపాటున "ఉంది" అంటుంది. మొత్తం "ఉంది" అన్నవి 580. వాటిలో నిజమైనవి 540, అంటే 93 శాతం. ఇక్కడ "ఉంది" అన్న మాటను బాగానే నమ్మవచ్చు. "లేదు" అన్నవి 420. వాటిలో 60 తప్పు. అంటే ఏడుగురిలో ఒకరిని పొరపాటున ఇంటికి పంపుతున్నాం.

రెండో ఆసుపత్రి క్షయ అరుదుగా ఉన్న దేశంలో ఉంది. 1,000 మందిలో 50 మందికే క్షయ. పరీక్ష 45 మందిని పట్టుకుంటుంది, 5 గురిని వదిలేస్తుంది. క్షయ లేని 950 మందిలో 95 మందికి పొరపాటున "ఉంది" అంటుంది. మొత్తం "ఉంది" అన్నవి 140, వాటిలో నిజమైనవి 45 మాత్రమే. మూడింట రెండు వంతులు తప్పు! కానీ "లేదు" అన్న 860 మందిలో తప్పు 5 మాత్రమే. ఇక్కడ "లేదు" అన్న మాటను నమ్మవచ్చు.

అదే రసాయనం, అదే నీలం రంగు, అదే 40 గీత. ఒకచోట క్షయ ఉందని చెప్పడానికి, మరోచోట క్షయ లేదని చెప్పడానికి పనికొస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ సోకినవారు సుమారు 1 కోటి 8 లక్షలు. వారిలో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. అందుకే మన దగ్గర ఎ.డి.ఎ.కు ఇంత ప్రాధాన్యం వచ్చింది.

ఇప్పుడు మన ఇద్దరు రోగులను ఈ లెక్కలో పెట్టండి. పంతొమ్మిదేళ్ల విద్యార్థికి పరీక్షకు ముందే క్షయ అవకాశం ఎక్కువ. 68 దానిని బలపరిచింది. అరవై రెండేళ్ల వ్యక్తికి పరీక్షకు ముందే క్యాన్సర్ అవకాశం ఎక్కువ. 46 ఆ అనుమానాన్ని తొలగించలేదు. ఒకే ఊరిలో, ఒకే ఆసుపత్రిలో కూడా అంకె అర్థం మనిషిని బట్టి మారుతుంది.

ఇతర బయోమార్కర్లు

ఎ.డి.ఎ. తరువాత ఎక్కువగా అధ్యయనం చేసినది ఇంటర్‌ఫెరాన్ గామా. లింఫోసైట్లు మాక్రోఫేజ్‌లను మేల్కొలపడానికి పంపే రసాయన సందేశం ఇది. ప్లూరా ద్రవంలో దీనిని నేరుగా కొలిస్తే నిర్దిష్టత ఎ.డి.ఎ. కంటే మెరుగ్గా, 95 శాతం పైన ఉన్నట్లు విశ్లేషణలు చూపాయి. అయితే దీనికి ఖరీదైన కిట్లు కావాలి. అన్ని ప్రయోగశాలలకూ వర్తించే ఒకే గీత లేదు. ఇంటర్‌ల్యూకిన్ 27 అనే మరో సందేశ రసాయనం కూడా ఆశాజనకంగా ఉంది. కానీ ఖర్చు సమస్య దానికీ ఉంది.

ద్రవం ఎందుకు, రక్తంలోనే చూస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. దీనికి మన దేశ అనుభవమే ఒక హెచ్చరిక. క్షయ క్రిమికి వ్యతిరేకంగా రక్తంలో తయారయ్యే యాంటీబాడీలను కొలిచే పరీక్షలు ఒకప్పుడు మన దేశంలో విరివిగా అమ్ముడయ్యాయి. పాత సోకుడు, కొత్త వ్యాధి తేడా అవి చెప్పలేవు. క్షయ లేనివారికి ఉందని, ఉన్నవారికి లేదని చెప్పేవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం వాటిని నిషేధించింది. పోరాటం జరుగుతున్న చోటు నుంచి తీసిన ద్రవం చెప్పే విషయం వేరు, రక్తం చెప్పే విషయం వేరు.

ఇక క్రిమి డి.ఎన్.ఎ.ను వెతికే పరీక్షలు ఉన్నాయి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్, మన దేశంలోనే తయారై 2020లో ఆ ఆమోదం పొందిన ట్రూనాట్ ఇలాంటివి. కఫంలో ఇవి బాగా పనిచేస్తాయి. ప్లూరా ద్రవంలో మాత్రం, కల్చర్‌లో క్రిమి పెరిగిన నమూనాల్లో కూడా తొలి తరం జీన్ ఎక్స్‌పర్ట్ సుమారు సగంలోనే చూపగలిగింది. తరువాత వచ్చిన అల్ట్రా రకం కొంత మెరుగు. కారణం మీకు తెలుసు: క్రిములే తక్కువ. అయినా ఈ పరీక్షల్లో "ఉంది" అని వస్తే దాదాపు ఖాయం. "లేదు" అని వస్తే మాత్రం క్షయ లేదని అర్థం కాదు.

వీటికి ఎ.డి.ఎ.కు లేని ఒక గొప్ప గుణం ఉంది. క్రిమి రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో ఇవి చెబుతాయి. ఎ.డి.ఎ. మన కణాల గురించి చెబుతుంది గానీ, క్రిమి మందుకు మొండికేసిందా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. అందుకే ఎ.డి.ఎ. వచ్చింది కదా అని కల్చర్, డి.ఎన్.ఎ. పరీక్షలు మానకూడదు. మన విద్యార్థి డాక్టరు మందులు మొదలుపెడుతూనే నమూనాలను ఆ పరీక్షలకు కూడా పంపడం అందుకే.

"నీరు దానంతట అదే తగ్గింది"

కొందరిలో ప్లూరా క్షయ నీరు మందులు లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. ఇంట్లోవాళ్లు "నయమైంది" అనుకుంటారు. నిజంగా నయమైందా?

1955లో అమెరికాలో రోపర్, వేరింగ్ అనే వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. క్షయ మందులు అందుబాటులోకి రాకముందు, ఇలా నీరు చేరిన 141 మంది సైనికులను వారు ఏళ్ల తరబడి గమనించారు. నీరు తగ్గినా, వారిలో 65 శాతం మందికి తరువాత ఏదో ఒక రూపంలో క్షయ బయటపడింది. చాలామందికి ఐదేళ్లలోపే వచ్చింది. అంటే నీరు తగ్గడం వ్యాధి పోవడం కాదు. క్రిమి ఊపిరితిత్తిలో తలదాచుకుని ఉంటుంది. తరువాత ఊపిరితిత్తి క్షయగా మారితే రోగికే కాదు, అతని గదిలో పడుకునే స్నేహితులకూ ప్రమాదం.

కాబట్టి రెండు వైపులా మూల్యం ఉంది. క్షయ ఉన్నవారిని "క్రిమి కనిపించలేదు" అని పంపేస్తే, వారిలో ఎక్కువమంది మళ్లీ జబ్బుతో వస్తారు. క్షయ లేనివారికి "40 దాటింది" అని మందులు ఇస్తే, అసలు జబ్బు ముదురుతుంది, కాలేయానికి హాని చేయగల మందులు ఆరు నెలలు అనవసరంగా మింగిస్తాం. బయోమార్కర్ ఈ రెండు తప్పుల మధ్య దారి చూపే దీపం లాంటిది. దారిలో నడవాల్సింది మాత్రం వైద్యుడి వివేకమే.

మీలో ఎవరికైనా, మీ హాస్టల్‌లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, ఊపిరి తీస్తే పక్కనొప్పి ఉంటే, దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మందులు మొదలుపెట్టాక కొద్ది వారాల్లోనే జ్వరం తగ్గుతుంది. అప్పుడు మానేయాలనిపిస్తుంది. మానకండి. ఆ 141 మందిని గుర్తు తెచ్చుకోండి.

సారాంశం

1. ప్లూరా క్షయలో నీరు చేరడానికి ముఖ్య కారణం క్రిముల సంఖ్య కాదు, శరీర ప్రతిచర్య. అందుకే ద్రవంలో క్రిమి దొరకడం కష్టం.

2. ఎ.డి.ఎ., ఇంటర్‌ఫెరాన్ గామా వంటి బయోమార్కర్లు ఆ ప్రతిచర్యను కొలుస్తాయి.

3. చీము, లింఫోమా, రుమటాయిడ్ వ్యాధి, కొన్ని ఇతర క్యాన్సర్లు కూడా ఎ.డి.ఎ.ను పెంచగలవు.

4. పరీక్ష ఫలితం అర్థం రోగిని బట్టి, ఆ ప్రాంతంలో వ్యాధి ఎంత ఉందో దానిని బట్టి మారుతుంది.

5. క్రిమి మందుకు లొంగుతుందో లేదో ఎ.డి.ఎ. చెప్పలేదు. అందుకు కల్చర్, డి.ఎన్.ఎ. పరీక్షలు కావాలి.

మీరే ఆలోచించండి

1. సున్నితత్వం 90 శాతం, నిర్దిష్టత 90 శాతం ఉన్న పరీక్షను 1,000 మందికి చేశారు. వారిలో 200 మందికి క్షయ ఉంది. "ఉంది" అని వచ్చినవాటిలో నిజమైనవి ఎంత శాతం?

2. ఒక రోగి ప్లూరా ద్రవంలో ఎ.డి.ఎ. 310 యూనిట్లు, న్యూట్రోఫిల్స్ చాలా ఎక్కువ. మీరు ముందుగా దేనిని అనుమానిస్తారు? ఎందుకు?

3. మీ కళాశాలలో అందరికీ రక్తపరీక్షతో క్షయ కనుగొంటామని ఎవరైనా ప్రకటిస్తే, వారిని మీరు అడిగే మూడు ప్రశ్నలు రాయండి.